కాపు అయ్యాక

ఫిబ్రవరిలో, హాలిఫాక్స్ కొండ దిగుతుంటే
వాననీళ్ళు నిండిన గుంత ఒకటి
రోడ్డులా నటించింది.
వెనక చక్రంలో కడ్డీలు తెగిన చప్పుడు
నాకు నడుములోంచి వినిపించింది.

రిమ్ము ఒకచోట లోపలికి నొక్కుకుపోయింది,
ఎవరో కోపంగా నేలకేసి కొట్టిన
ఇత్తడి గిన్నె అంచులా.

ఇటలీ బండి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది.
చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది,
తాళం ఎవరి దగ్గరుందో కూడా తెలీదు.
పగలంతా డిపోలో బస్సు చక్రాలు విప్పి బిగిస్తాను.
వాటికి స్పేర్లు గోడ పొడుగునా వరస కట్టి ఉంటాయి.
దీనికి ఒకటి కావాలి.
ఒక్కటి.

పద్ధెనిమిది అంగుళాలు, నలభై చిల్లులు.
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

హడర్స్‌ఫీల్డ్ తుక్కు దుకాణంలో స్పెన్స్‌లీ
ఓ చక్రం దొర్లించుకుంటూ వచ్చాడు.
లెక్కపెట్టాను. ముప్పై ఆరు.
మళ్ళీ లెక్కపెట్టాను,
నాలుగు ఎక్కడైనా దాక్కున్నాయేమోనని.
"మీ ఆయన బండా?" అన్నాడు.
"మా ఆయనకి సైకిలే రాదు."

జూన్‌లో పాత సామాన్ల సంత. బురద పొలం.
ఒక బల్ల మీద రిమ్ముంది, హబ్బు లేదు.
పక్క బల్ల మీద హబ్బుంది, అది ముందు చక్రానిది.
తాడుంటే బొంగరం లేదు, బొంగరముంటే తాడు లేదని
తెలుగులో పైకే అనేశాను.
"ఏమిటీ?" అన్నాడు అమ్మేవాడు.
అర్థం చెబితే నవ్వి, ఫ్లాస్కులో టీ పోసిచ్చి
ఒక పేరు చెప్పాడు.
టాడ్మర్డెన్‌లో ఎల్విన్ గ్రీన్‌హాల్ష్, కాలవ పక్క ఇల్లు.

చక్రం ఉంది.
పెరట్లో, రెండు కర్రల మధ్య, ఇరుసుకి తాడు కట్టి.
కడ్డీ కడ్డీనీ చుట్టుకుంటూ చిక్కుడు పాదు.
ఎర్ర పూలు. నడిమధ్యలో ఓ తుమ్మెద.
ఆకులు ఒత్తిగించి నేను చిల్లులు లెక్కపెడుతుంటే
డాక్టరు నాడి చూస్తున్నప్పుడు ఊరుకున్నట్టు
ఆయన ఊరుకున్నాడు.

నలభై!

"ఎంత?"
"ఇప్పుడు కాదు. కాపు అయ్యాక రా."
రెట్టింపు ఇస్తానన్నాను. సిగ్గు లేకుండా ఇంకా పెంచాను.
"డబ్బు సంగతి కాదమ్మాయ్,
అవి ఇప్పుడిప్పుడే పూతకొచ్చాయి."

జూలై, ఆగస్టు, సెప్టెంబరు
బస్సుల్లో తిరిగాను, నేను బిగించిన చక్రాల మీదే.
ఒక బస్సు ఎడమ వెనక కొంచెం ఊగుతోందని
సీట్లో కూర్చుంటేగానీ తెలియలేదు.
మర్నాడు బేరింగు మార్చాను.
ఇన్నాళ్ళూ అది ఊగుతూనే ఉందన్నమాట,
మోకాళ్ళ మీద సంచులు పెట్టుకున్న ఎంతమందినో మోస్తూ.

అక్టోబరులో ఫోను. "అయిపోయాయి."
చెరో కత్తెరా పట్టుకుని ఎండు తీగలు కోశాం.
పెద్దగా మాట్లాడుకోలేదు.
ఊదారంగు మచ్చల గింజలు
కాగితం సంచిలో పోసి చేతిలో పెట్టాడు.
డబ్బు ముట్టుకోలేదు.
"నీ విరిగిన చక్రం తెచ్చి పడెయ్.
గుండ్రంగా లేదని చిక్కుడుకి తెలీదు."

ఆ రాత్రి షెడ్డులో
ఒక్కో కడ్డీని స్పానరుతో మీటుతూ,
బొంగురుగా పలికినదాన్ని పావు చుట్టు బిగిస్తూ,
తిప్పుతూ, ఆపుతూ, మళ్ళీ మీటుతూ
పన్నెండు దాటింది.
తుప్పు అనుకున్నంత లేదు. ఎందుకో తెలీదు.
హబ్బు దగ్గర ఓ ఎండు తీగ
మూడు చుట్లు చుట్టుకుని రానంది.
బ్లేడు తీశాను.
మళ్ళీ పెట్టేశాను.

కొండ మీద ఆ గుంత ఇంకా ఉంది.
కౌన్సిల్ వాళ్ళు వచ్చి, దాని చుట్టూ
తెల్ల గీత గీసి వెళ్ళారు.
పక్కనుంచి పోనిచ్చాను.

గింజలు ఇంకా నా జాకెట్ జేబులోనే ఉన్నాయి.
మాకు పెరడు లేదు.
డిపో వెనక గోడకి మాత్రం
మధ్యాహ్నం రెండు గంటలు ఎండ పడుతుంది.
ఈసారి చిల్లులు లెక్కపెట్టను,
ఏ చక్రమైనా చాలు.